శనివారం డబ్బా

అత్తను మట్టి చేసి మూడు రోజులైనా కాలేదు, శాంతయ్య వచ్చి గడపలో నిలబడి డబ్బా అడిగాడు.

ఆదివారం ఆరాధన ముగించుకుని నేరుగా వచ్చినట్టున్నాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో బైబిలు, కుడికాలు కొంచెం ఎడంగా వేసే నడక. స్టెల్లా లోపల కూర్చుని అత్త చీరలు మడతపెడుతోంది. మంచివి ఒక వైపు, పాతవి ఒక వైపు పెడదామనుకుంది గాని, తిరుమలమ్మ పెట్టెలో మంచివంటూ రెండుకు మించి లేవు. మిగతావి ఎవరెవరి ఒంటి మీద ఉన్నాయో వాడలో తిరిగితే కనిపిస్తాయి.

“రాండి మామా, కూర్చోండి” అని కుర్చీ లాగింది.

“కూర్చునేదానికి రాలేదు మా. మీ అత్త బియ్యం ఎత్తే డబ్బా ఉండాది గదా, అది ఇచ్చేస్తే సంఘంలో పెట్టేస్తా. అది సంఘం వస్తువు.”

పూతలపట్టు దాటాక మామిడితోటల మధ్య ఉన్న ఆ వాడలో అరవై గడపలు. శనివారం పొద్దున ప్రతి ఇల్లాలూ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవునికని డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా చర్చిలో బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక ఆ బియ్యం పాస్టరు అయ్యగారి ఇంటికి పోతాయి. ఇరవై ఆరేళ్లుగా ఆ డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది తిరుమలమ్మ ఒక్కతే. జ్వరమొచ్చి మూలుగుతున్నా ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. “మీరు పోతే ఊరికే డబ్బా నింపుకొస్తారు” అనేది. డబ్బా నింపడానికి కాక మరి దేనికి పోతారో స్టెల్లాకు పదిహేనేళ్లు కాపురం చేసినా అర్థం కాలేదు.

“అది ఖాళీగా లేదు మామా. నిన్న శనివారం ఎత్తేదానికి ఎవరూ పోలేదు గదా. పలకరించేదానికి వచ్చినోళ్లంతా ఎవరి పిడికెడు వాళ్లే తెచ్చి పోసి పోయినారు. గురువారం అత్త జ్ఞాపకార్థ కూటం అయినాక ఇచ్చేస్తా.”

శాంతయ్య మూలన ఉన్న డబ్బా వైపు చూశాడు. పాత నూనె డబ్బా, మూత కోసేసి, తాడు పిడి కట్టింది. బియ్యం అంచు దాకా ఉన్నాయి. చూపు తిప్పుకుని గొంతు సవరించుకున్నాడు.

“గురువారం నువ్వు మీ అత్త జీవిత చరిత్ర సదవాలని అయ్యగారు సెప్పినాడంట. సదువు మా. పుట్టింది, బాప్తిస్మం, పెండ్లి, పిల్లోళ్లు, అన్నీ సదువు. ఈ బియ్యం మాట మాత్రం రాయొద్దు.”

“ఎందుకు మామా?” అంది స్టెల్లా. ఆమె పేరు చెబితే ఎవరికైనా మొదట గుర్తొచ్చేదే ఆ డబ్బా.

“ఎందుకో నీకు తెలీదా? పోయినేడు ఎనిమిది నెల్లు డబ్బా సగానికే వచ్చేది. నేను కాలిరిగి మంచాన ఉండినప్పుడు జరిగిన యవ్వారం ఇది. నేను తిరగతా ఉంటే జరగనిస్తానా? ముసలామె గదా అని ఒకరూ అడగలా. దేవుని పేరు సెప్పి ఎత్తిన బియ్యం మా అవి. నువ్వు మైకు ముందర నిలబడి ఆమె ఇన్నేండ్లు ఎత్తిందని సదివితే, అవి యాడికి పోయినాయని నేను లేసి అడగాల్సి వస్తాది. నా నోట ఆ మాట రానీయొద్దు.”

ఆయన వెళ్లిపోయాక స్టెల్లా చేతిలోని చీర మడత విప్పి మళ్లీ మడిచింది, మళ్లీ విప్పింది. శాంతయ్య చెడ్డవాడైతే బాగుండేది, ఇంత తిట్టుకుని ఊరుకోవచ్చు. మేస్త్రీ పని చేసి బతికిన మనిషి, చర్చి ప్రహరీ మొత్తం ఒక్క రూపాయి కూలి తీసుకోకుండా కట్టాడు. సంఘ పెద్దగా ఆయన మాట ఎప్పుడూ సూటిగానే ఉంటుంది. అటువంటి మనిషి లేచి అడిగితే వాడంతా నమ్ముతుంది.

సాయంత్రం మొగుడు విజయ్ కుమార్ ఇంటికి రాగానే చెప్పింది. అతను తల్లి ఫోటోకేసి, డబ్బాకేసి, చివరికి తన కాళ్లకేసి చూసుకున్నాడు.

“ఆ ఒక్క మాట వదిలెయ్. చదవకుంటే పోయేదేముంది? నలుగురిలో మాయమ్మ పేరు బజారున పడేదాని కన్నా అదే మేలు.”

“ఆ మాట వదిలేస్తే ఒప్పుకున్నట్టు కాదా?”

విజయ్ కుమార్ గట్టిగా మాట్లాడలేని మనిషి, స్నానానికని పెరట్లోకి పోయాడు.

స్టెల్లాకు మొగుడి మీద కోపం వచ్చింది గాని, అంతకన్నా ఎక్కువ కోపం తన మీదే వచ్చింది. ఎందుకంటే డబ్బాలో బియ్యం ఎందుకు తగ్గేవో ఆమె కళ్లారా చూసింది. ఆ ఎనిమిది నెలలూ శనివారం సాయంత్రం అత్త వంటింట్లో కూర్చుని డబ్బాలోంచి సగం పచ్చసంచిలోకి వంచుకునేది. కొంగు కింద పెట్టుకుని బయటికి పోయేది. “యాడికత్తా?” అని ఒకసారి అడిగితే, “ఈడికే” అంది. స్టెల్లా ఇంక అడగలేదు. పలమనేరులో ఉన్న కూతురికి బస్సులో ఎవరితోనో పంపుతోందనుకుంది. అనుకుని, మనసులో మూతి ముడుచుకుని, ఊరుకుంది.

ఆ కూతురు నిస్సీ తల్లి చావుకు వచ్చి ఇంకా ఇక్కడే ఉంది. సోమవారం ఇద్దరూ కూర్చుని కూటం వంటకు వెల్లుల్లి ఒలుస్తుంటే స్టెల్లా ఉండబట్టలేక అడిగేసింది.

“నిస్సీ, తప్పుగా అనుకోవద్దు. పోయినేడు అత్త మీకేమన్నా బియ్యం పంపేదా?”

నిస్సీ చేతిలోని వెల్లుల్లి పాయ చేటలో పడేసింది. “ఏం బియ్యం?”

“డబ్బా బియ్యం.”

“వదినా, మాయమ్మ నాకు దేవుని బియ్యం పంపిందనుకున్నావా?” నిస్సీ గొంతు పెద్దది కాలేదు, అదే స్టెల్లాకు ఎక్కువ భయమేసింది. “మాకు నాలుగు ఆవులుండాయి, పొలముండాది. లేకపోయినా నేను తింటానా? శాంతయ్య మామ అనుకున్నాడంటే ఆయన బయట మనిషి. నువ్వు ఆమెతో పదిహేనేండ్లు ఒక్క పొయ్యి మీద వండుకున్నావే.”

లేచి వెళ్లి తల్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజంతా వదినతో మాట్లాడలేదు. స్టెల్లా ఒక్కతే వెల్లుల్లి ఒలిచి, వేళ్ల మంట తగ్గక నీళ్ల తొట్టిలో చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

మంగళవారం రాయడానికి కూర్చుంది. కుట్టుమిషను బల్ల మీద గుడ్డముక్కలు జరిపి, గీతల నోటుపుస్తకంలోంచి కాగితం చించుకుంది. ఏబెల్ అయ్యగారు ఎట్లా రాయాలో పద్ధతి చెప్పి పోయారు. ఫలానా ఏట పుట్టింది, ఫలానా ఏట బాప్తిస్మం పొందింది, ఇద్దరు పిల్లలను భయభక్తులతో పెంచింది, కుటుంబానికి సంఘానికి సేవ చేసింది, ప్రభువునందు నిద్రించింది. రాసి చూసుకుంటే తొమ్మిది వరసలు వచ్చాయి. ఆ తొమ్మిది వరసలూ వాడలో ఏ ముసలామె పేరు పెట్టి చదివినా సరిపోతాయి. అరవై ఎనిమిదేళ్లు బతికిన మనిషి ఇందులో యాడుందని స్టెల్లాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం అయ్యగారు వచ్చి చదివి, “క్లుప్తంగా బాగుంది మా” అన్నారు.

“బియ్యం సంగతి లేకుండా బాగుందా అయ్యగారూ? ఇన్నేండ్లు ఆమె ఎత్తిన బియ్యం మీ ఇంటికే గదా వచ్చినాయి.”

ఏబెల్ అయ్యగారు మెత్తటి మనిషి. ఎక్కడ చిక్కు కనిపించినా అక్కడ ఒక పాట పాడి ముందుకు పోయే అలవాటు. కాగితం తిరిగిచ్చి, “శాంతయ్య పెద్దమనిషి మా. కూటం ప్రశాంతంగా జరిగితే చాలు. మిగతాది దేవుడు సూసుకుంటాడు” అని చెప్పులు వేసుకున్నారు.

బుధవారం పొద్దున కొళాయి దగ్గర ఆడవాళ్లు గుసగుసలాడుతూ స్టెల్లాను చూసి టక్కున ఆపేశారు. బిందె నింపుకుని పది అడుగులు వేశాక వెనక నుంచి ఒక ముక్క చెవిన పడనే పడింది: “కోడలికి తెలీకుండానా?” బిందె బరువుకో మాట బరువుకో తెలియదు, ఇల్లు చేరేసరికి ఆమె చీర సగం తడిసిపోయింది.

మధ్యాహ్నం విజయ్ కుమార్ షామియానా మాట్లాడడానికి పూతలపట్టు పోయాడు. నిస్సీ నిద్రపోతోంది. స్టెల్లా చేటలో కందిపప్పు ఏరుతుంటే పెరటి దోవన దీనమ్మ వచ్చింది. దీనమ్మ శాంతయ్య భార్య. ముందు వాకిలి ఉండగా పెరటి దోవన రావడమేమిటని స్టెల్లాకు అనుమానమొచ్చింది. ఈమె కూడా మొగుడి తరఫున ఇంకో హెచ్చరిక మోసుకొచ్చిందనుకుంది.

దీనమ్మ కొంగు కింద నుంచి ఒక సంచి తీసింది. బట్టల షాపు పేరు సగం చెరిగిపోయిన పచ్చసంచి. ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది.

“మీ అత్తది. ఇచ్చి పోదామని వచ్చినా.”

స్టెల్లా చేట కింద పెట్టింది.

“ఆ బియ్యం మీ ఇంటికా అత్తా?”

దీనమ్మ తల ఊపింది. గోడకు ఆనుకుని నేల మీద చతికిలబడింది.

“ఆయన పనిలో గోడ మీద నుంచి పడినాడు గదా. కాల్లో కడ్డీ ఏసినారు. నేను ఆయన్ని వదిలేసి కూలికి పోలేను. సంఘంలో అడుగుదామంటే ఒప్పుకోలా. సంఘం సాయం సేస్తే ఆదివారం పేరు సదువుతారు గదా మా. ఇన్నేండ్లు ఆ పేర్లు సదివినోడు ఈయనే. నా పేరు సదివించుకుంటానా, పస్తుంటా గానీ అన్నాడు. నేను ఎవురికీ సెప్పలా. మీ అత్తకు కూడా సెప్పలా.”

“మరి ఆమెకెట్ల తెలిసింది?”

దీనమ్మ కుడిచేయి చాచి పిడికిలి బిగించింది. తర్వాత కొంచెం వదులు చేసి చూపించింది. “ఆ శనివారం ఇంట్లో ఉండిందే ఒక గ్లాసుడు. పిడికిలి పట్టినట్టే పట్టినా, లోపల సగం కూడా లేదు. ఎవురు సూస్తారులే అనుకుని డబ్బాలో పోసినా. మీ అత్త నా సెయ్యి సూసింది. ఏమీ అనలా, ప్రార్థన సేసి పొయ్యింది. సాయంత్రం ఈ సంచితో పెరట్లోకి వచ్చింది. అట్ల ఎనిమిది నెల్లు, ఒక్క వారం తప్పలా. ఆయన కర్ర పట్టుకుని పనికి పోయిన వారం నేను నిండుగా పిడికెడు పోసినా. ఆ సాయంత్రం ఆమె రాలా.”

“మామకు ఇంతవరకు తెలీదా?”

“మంచం మీద మనిషికి పొయ్యి కాడ సంగతి యాడ తెలుస్తాది? ఒకనాడు మాత్రం అడిగినాడు. ఇదేం అన్నమే, ఒక గింజ మెత్తగా ఒక గింజ గట్టిగా ఉండాది అని. అరవై ఇండ్ల బియ్యం గదా. సోనా మసూరీ ఉంటాది, రేషన్‌వి ఉంటాయి, ఉప్పుడు బియ్యం ఉంటాది. ఒకటి ఉడికేలోగా ఇంకోటి గంజి అయిపోతాది. రేషన్ బియ్యం ఈసారి ఇట్లే ఉండాయి అని అబద్ధం సెప్పినా. ఇంక అడగలా, రోజూ అదే తిన్నాడు.”

దీనమ్మ ముందుకు వంగి స్టెల్లా రెండు చేతులూ పట్టుకుంది.

“రేపు ఆ మాట సదవొద్దని నేను సెప్పలేను మా. సదివితే ఆయన లేస్తాడు. కానీ మా పేరు మాత్రం బయట పెట్టొద్దు. పెడితే ఆయన ఇంక తలెత్తుకోడు. ఎనిమిది నెల్లు అబద్ధం పెట్టి తినిపించినానని నన్ను కూడా దగ్గిరికి రానీడు.”

“మరి మా అత్త పేరు?” అంది స్టెల్లా. గొంతు కరుకుగానే వచ్చింది.

దీనమ్మ కొంగు కళ్లకు అద్దుకుంది. ఆ ఏడుపు చూడలేక స్టెల్లా “చెప్పను లే అత్తా” అనేసింది. అన్న మరుక్షణమే ఎందుకన్నానా అనిపించింది. శాంతయ్య నోరు మూయించడానికి సరిపడా జవాబు చేతికొచ్చింది, వచ్చిన చేత్తోనే దాన్ని దాచిపెట్టాల్సి వచ్చింది. పచ్చసంచిని తలుపు వెనక మేకుకు తగిలించి, కందిపప్పు మళ్లీ ముందేసుకుంది. ఏరిన పప్పునే రెండోసారి ఏరింది.

గురువారం పదకొండుకల్లా షామియానా నిండిపోయింది. నూట యాభై మంది అనుకున్నారు. ఊళ్లోంచి, పక్క పల్లెల నుంచి కూడా వచ్చారు. తిరుమలమ్మ పురుడు పోసిన బిడ్డలు తమ బిడ్డలను ఎత్తుకుని వచ్చారు. అటువంటి జనాన్ని చూస్తే సంతోషించాలి గాని, స్టెల్లాకు చేతకాలేదు. ఇంతమంది ముందరా ఆయన లేచేది అనుకుంది.

పాటలు, ప్రార్థన అయ్యాక అయ్యగారు ఆమెను పిలిచారు. మైకు ముందు నిలబడి కాగితం విప్పింది. ముందు వరసలో కుడికాలు చాపుకుని శాంతయ్య. ఆడవాళ్ల చాపల మీద, స్తంభం పక్కన దీనమ్మ. స్టెల్లా తొమ్మిది వరసలూ చదివింది. కాగితం అయిపోయింది. జనం ‘ఆమేన్’ అనడానికి సిద్ధంగా ఉన్నారు.

విజయ్ కుమార్ దూరం నుంచి వచ్చెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె అత్త ఫోటో వైపు చూసింది. ఆధార్ కార్డు నుంచి పెద్దది చేయించిన ఫోటో, అందులో తిరుమలమ్మ ఎవరి మీదో చిరాకుపడుతున్నట్టుంది.

“ఇంకొక మాట” అంది స్టెల్లా. “మా అత్త ఇరవై ఆరేండ్లు, శనివారం శనివారం, ఈ వాడలో పిడికెడు బియ్యం ఎత్తింది.”

కుర్చీ కిర్రుమంది. శాంతయ్య లేవడానికి కొంచెం సమయం పట్టింది.

“వద్దని ముందే సెప్పినా” అన్నాడు. మైకు అక్కర్లేని గొంతు. “సదివింది కాబట్టి అడగక తప్పదు. పోయినేడు ఎనిమిది నెల్లు సగం బియ్యం సంఘానికి రాలా. పోయినామె మీద నాకు పగ లేదు. దేవుని సొత్తు గనక అడగతా ఉండా. అవి యాడికి పోయినాయో కోడలికి తెలుసా?”

స్తంభం పక్కన దీనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తెలియదంటే సరిపోతుంది. కాని అత్త ఫోటో పక్కన నిలబడి అబద్ధమాడడానికి స్టెల్లాకు నోరు రాలేదు.

“తెలుసు మామా.”

“తెలిస్తే సెప్పు.”

మా ఇంట్లో మాత్రం ఉడకలేదు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క ముక్క చెప్పుకుంటే తప్పేమీ లేదు. కాని అది అన్నాక, మరెవరింట్లో అనే అడుగుతారు. మింగేసింది.

“ఎవరికిచ్చిందో మా అత్త చెప్పలేదు. నేనూ చెప్పను.”

వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో “సరిపోయింది” అన్నారు. శాంతయ్య అందరూ విన్నారు గదా అన్నట్టు ఒకసారి చుట్టూ చూసి, నింపాదిగా కూర్చున్నాడు. ఏబెల్ అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు. స్టెల్లా ముఖం మండిపోతోంది. అత్త పేరు తనే తీసుకొచ్చి బజారులో పెట్టినట్టయింది, ఆ మాట ఎత్తకపోయుంటే ఇంత నష్టం ఉండేది కాదు. నిలబడ్డ చోటు నుంచి ఎట్లా కదలాలో తెలియక ఉంటే, నిస్సీ వచ్చి పక్కన నిలబడింది. మూడు రోజులుగా మాట్లాడని మనిషి ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని, మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

రెండు పంక్తులు లేచేసరికి వంటమనిషి దామోదరం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“అన్నం అయిపోయింది మా. సాంబారుండాది, కూరుండాది. ఇంకా ముప్పై మంది ఉండారు. అయ్యగారు, పెద్దలు కూర్చోనే లేదు.”

విజయ్ కుమార్ బండి తాళం తీశాడు. “పూతలపట్టు పోయి మూట తెస్తా.”

“ఎప్పుడు తెచ్చేది, ఎప్పుడు వండేది? పెద్దోళ్లను గంటసేపు కూర్చోబెడతామా?” అంది నిస్సీ.

స్టెల్లా మూలనున్న డబ్బా చూసింది. వెంటనే చూపు పక్కకు తిప్పుకుంది. మళ్లీ చూసింది.

“ఆ బియ్యం పోయండి” అంది.

దామోదరం డబ్బాలో చెయ్యి పెట్టి కెలికాడు. “నాలుగైదు రకాలుండాయి మా. ఇవి వండితే ఒక తీరుగా రావు, చెడ్డపేరు నాకొస్తాది.”

“తెలుసు. పోయండి.”

కావాలనే చేశావా అని తర్వాత నిస్సీ అడిగింది. స్టెల్లా చెప్పనని మాటిచ్చింది, చెప్పలేదు. వేరే బియ్యం లేవు, ఉన్నవి వండించింది. అంతకు మించి తన మనసులో ఏముందో తరచి చూసుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. పొయ్యి మీద ఎసరు మరుగుతున్నంతసేపూ ఆమె అక్కడి నుంచి కదలలేదు.

చివరి పంక్తిలో అయ్యగారి పక్కన శాంతయ్య కూర్చున్నాడు. విస్తళ్లలో స్టెల్లా అన్నం వడ్డించింది, వెనకే దీనమ్మ సాంబారు బకెట్టుతో వచ్చింది. అన్నం చూడగానే దీనమ్మ ముఖంలో రంగు పోయింది. గరిటె మాత్రం ఆగకుండా పోసుకుంటూ పోయింది.

శాంతయ్య కలిపి మొదటి ముద్ద పెట్టుకున్నాడు. నమిలాడు. దవడ ఆగింది. మళ్లీ మెల్లగా నమిలి మింగి, విస్తరిలో అన్నాన్ని వేలితో విడదీశాడు. ఒక మెతుకు బొటనవేలి కింద పెట్టి నొక్కితే వెన్నలా నలిగింది. దాని పక్కనే ఎర్రటి మెతుకు నొక్కితే నలగలేదు. ఇంకొక ముద్ద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

“దీనా” అన్నాడు తల ఎత్తకుండా. “ఇవి రేషన్ బియ్యమా?”

బకెట్టు పట్టుకున్న దీనమ్మ రెండు అడుగుల దూరంలో నిలబడిపోయింది. స్టెల్లా చేతిలో అన్నం పళ్లెం బరువెక్కింది.

“కాదు” అంది దీనమ్మ.

“మరి?”

“పిడికెడు బియ్యం శాంతయ్యా” అన్నారు అయ్యగారు, ఏమీ ఎరగని సంతోషంతో. “అన్నం తక్కువై డబ్బాలోవే వండినారంట. మా ఇంట్లో రోజూ తినేది ఇదే గదా. కలగలుపు బియ్యం, ఇంకే బియ్యానికీ ఈ రుచి రాదు.”

శాంతయ్య విస్తరి ముందు నుంచి లేచిపోతాడేమోనని స్టెల్లా భయపడింది. లేస్తే అందరూ అడుగుతారు, దీనమ్మ ఏడుస్తుంది, గుట్టు రట్టవుతుంది. ఆ నెపమంతా తనదే. ఆయన లేవలేదు. వంచిన తల వంచినట్టే, మెతుకు మెతుకు ఏరుకుని తిన్నాడు. మజ్జిగ వద్దన్నాడు. విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని, వంటపొయ్యి పక్కన బోర్లించి ఉన్న ఖాళీ డబ్బాను చేతికి తగిలించుకున్నాడు. కాలు ఎడంగా వేస్తూ వెళ్లిపోయాడు.

శుక్రవారం దీనమ్మ కొళాయి దగ్గరికి రాలేదు. స్టెల్లా రెండుసార్లు పోయి చూసింది. వాళ్ల తలుపు వేసే ఉంది. సాయంత్రమైనా ఆ ఇంట్లోంచి మాటగాని తిట్టుగాని వినిపించలేదు. ఆయనేం చేశాడో, ఆమె ఏమైందో. మాట ఇచ్చి నిలబెట్టుకున్నానా, తప్పానా అని స్టెల్లా కుట్టుమిషను ముందు కూర్చుని ఒకే జాకెట్టు చేతులు తారుమారుగా కుట్టి, విప్పి, మళ్లీ కుట్టింది.

శనివారం పొద్దున పొయ్యి వెలిగించి బియ్యం కడగబోతుంటే వీధి మొదట్లో ఒక గొంతు వినిపించింది.

“మా, పిడికెడు బియ్యం.”

మగగొంతు. ఆ పిలుపు ఈ వీధిలో ఏనాడూ మగగొంతులో వినిపించలేదు. స్టెల్లా గిన్నె చేత్తోనే పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

శాంతయ్య. ఇస్త్రీ చొక్కా లేదు, పనికి పోయే చొక్కా. చేతిలో నూనె డబ్బా. మొదటి ఇంటి గడప ముందు నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెబుతున్నాడు.

“పోయినేడు ఎనిమిది నెల్లు మీ బియ్యం మేమే తిన్నాము మా. తిరుమలక్క తెచ్చిపెట్టింది. నాకు తెలీదు. తెలీక గురువారం తప్పు మాట్లాడినా. ఈ వారం బియ్యం వెయ్యి మా.”

రెండో ఇంట్లోనూ అవే మాటలు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. మూడో ఇంటామె “అయ్యో, ఎందుకులే అన్నా ఇప్పుడు” అని అడ్డం వచ్చింది. ఆయన ఆమె ముగించేదాకా ఆగి, మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. తన పేరు ఆదివారం ఒక్కసారి చదివితే పరువు పోతుందని పస్తుండబోయిన మనిషి, ఇప్పుడు అరవై గడపల ముందు అరవై సార్లు తన నోటితోనే చదువుకోవడానికి బయల్దేరాడు. వీధి చివర తమ ఇంటి గుమ్మంలో దీనమ్మ నిలబడి చూస్తోంది. ఏడ్చిన ముఖమే గాని, నిలబడింది.

స్టెల్లా గడప ముందుకు వచ్చేసరికి ఆ పాఠం ముందుకు సాగలేదు. “పోయినేడు” అన్నాడు. మళ్లీ “పోయినేడు” అన్నాడు.

“ఉండండి మామా” అని ఆమె లోపలికి పోయి నిండుగా పిడికెడు తెచ్చి డబ్బాలో వేసింది.

“ఆ సంచి నీకాడుండాదంట.”

తలుపు వెనక మేకు నుంచి పచ్చసంచి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. పోవడానికి తిరిగి, ఆగాడు.

“మా, ఈ సంచి ఎవురింటికి పోవాలనో మీ అత్తకు ఎట్ల తెలిసేది? ఎవురూ సెప్పరు గదా. నేను మాత్రం సెప్పినానా?”

మీరు పోతే ఊరికే డబ్బా నింపుకొస్తారు అన్న అత్త మాట స్టెల్లాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఆ మాటకు తను చిన్నబుచ్చుకుంది.

“డబ్బాలోకి చూడొద్దు మామా. పోసే చెయ్యి చూడండి” అంది.

శాంతయ్య తల ఊపి ఎదురింటికి దాటాడు. మామిడిపండ్ల ఫ్యాక్టరీ సీజను అయిపోయి ఎదురింటి సుగుణకు పని లేక నెల దాటింది. ఆ సంగతి స్టెల్లాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆయన చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పి డబ్బా చాచాడు. సుగుణ నవ్వుముఖంతో పిడికిలి ముందుకు పెట్టి, గబుక్కున డబ్బాలో విదిల్చింది.

ఆయన ఏమీ అనలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసి, పక్కింటికి నడిచాడు. అక్కడ, ఆ తర్వాతి ఇంట్లో బియ్యం ఎత్తుకున్నాడు. మలుపు దగ్గర ఒక్కసారి ఆగి, వెనక్కి తిరిగి సుగుణ ఇంటి పెరటి దోవ ఎటు నుంచి ఉందో చూసుకుని, ముందుకు పోయాడు.